స్క్రాబుల్ ఎలా నేర్చుకోవాలి? తెలుగు అక్షరాలతో ఆడటానికి వీలుంటుందా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాము. పెద్దవాడు ఒడియా మాధ్యమంలోనూ, చిన్నది ఇంగ్లీషు మాధ్యమంలోనూ చదువుతున్నారు. వేసవి సెలవులకు వచ్చిన మా మరిది, మా పిల్లల కోసం స్క్రాబుల్ (ఇంగ్లీషు అక్షరాల బిళ్ళలతో గళ్ళలో పదాలు పేర్చే ఆట) బోర్డు ఒకటి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. పెట్టెలో ఉన్న నియమాల కాగితం చదివాను గానీ, పాయింట్లు ఎలా లెక్కకట్టాలో, రంగు గళ్ళు ఎప్పుడు పనిచేస్తాయో, ఎవరైనా తప్పు పదం పేరిస్తే ఏం చేయాలో నాకు స్పష్టంగా అర్థం కాలేదు. ఒడియా మాధ్యమంలో చదువుతున్న పెద్దవాడు తనకు ఇంగ్లీషు మాటలు తక్కువగా వచ్చు కాబట్టి చెల్లెలి చేతిలో ఎప్పుడూ ఓడిపోతానేమోనని ముందే వెనకాడుతున్నాడు. వాడిని ఈ ఆటలోకి ఎలా తీసుకురావాలి?

ఇంకొక సంగతి కూడా అడగాలి. మా అత్తగారు ప్రతి ఆదివారం పత్రికలో వచ్చే గళ్ళ నుడికట్టును ఒక్క గడి కూడా వదలకుండా పూరిస్తారు. పిల్లలు ఆడుతుంటే పక్కన కూర్చుని, ఇదే ఆటను తెలుగులో ఆడగలిగితే తాను కూడా చేరతానని అన్నారు. తెలుగు బిళ్ళలు ఇంట్లో తయారుచేసుకోవడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: బరంపురం నుంచి

నమస్కారమమ్మా. నియమాలను ఒక ఎత్తు, అంటే ఒక వంతు ఆట, నడిపించి చూపిస్తే కాగితం మీది మాటలు వాటంతట అవే అర్థమవుతాయి కాబట్టి, ముందుగా ఒక ఉదాహరణతో చెబుతాను.

బోర్డు మీద అడ్డంగా 15, నిలువుగా 15, మొత్తం 225 గళ్ళు ఉంటాయి. సంచిలో అక్షరం, దాని పాయింట్లు రాసిన బిళ్ళలు ఖాళీవి రెండింటితో కలిపి 100 ఉంటాయి. ఖాళీ బిళ్ళను ఏ అక్షరంగానైనా వాడుకోవచ్చు గానీ దానికి పాయింట్లు ఉండవు. ఒక్కొక్కరు ఏడేసి బిళ్ళలు తీసుకుని, ఎదుటివారికి కనిపించకుండా తమ చెక్క (బిళ్ళలు నిలబెట్టుకునే చిన్న పీట) మీద పేర్చుకోవాలి. మొదటి పదం నడిమధ్య ఉన్న నక్షత్రపు గడి మీదుగా పోవాలి. ఆ తరువాత పేర్చే ప్రతి పదమూ అప్పటికే బోర్డు మీద ఉన్న ఏదో ఒక బిళ్ళను తాకాలి. ఆడిన ప్రతిసారీ ఎన్ని బిళ్ళలు వాడామో అన్నింటిని సంచిలోంచి తీసుకుని మళ్ళీ ఏడు చేసుకుంటాము.

మీ అమ్మాయికి వాటర్ అనే పదం కుదిరిందనుకోండి. డబ్ల్యూకు 4, మిగిలిన ఏ, టీ, ఈ, ఆర్ అనే నాలుగింటికి ఒక్కొక్కటి చొప్పున మొత్తం 8 పాయింట్లు. నక్షత్రపు గడి పదం విలువను రెట్టింపు చేస్తుంది కాబట్టి 16 అవుతుంది. అయితే అదే నడి వరుసలో ఎడమ నుంచి నాలుగో గడి, కుడి నుంచి నాలుగో గడి అక్షరం విలువను రెట్టింపు చేసేవి. డబ్ల్యూను ఎడమవైపు నాలుగో గడిలో పెట్టి పదం మొదలుపెడితే చివరి ఆర్ సరిగ్గా నక్షత్రం మీదికి వస్తుంది. అప్పుడు డబ్ల్యూ 8 అయి, మొత్తం 12 అయి, అది రెట్టింపై 24 వస్తుంది. అలాకాక డబ్ల్యూనే నక్షత్రం మీద పెట్టి కుడివైపుకు పేరిస్తే ఆర్ ఒక్కటే రెట్టింపవుతుంది కాబట్టి 18 మాత్రమే వస్తుంది. పదం ఒకటే, బిళ్ళలు అవే, పెట్టిన చోటును బట్టి 16, 18, 24 వస్తున్నాయి. పిల్లలకు నేర్పేటప్పుడు ఈ ఒక్క ఎత్తును మూడు విధాలుగా పేర్చి చూపించండి. ముందు అక్షరం విలువ పెంచాలని, ఆ తరువాతే పదం విలువ పెంచాలని వేరే చెప్పనవసరం లేకుండా వారికే తెలుస్తుంది.

ఇప్పుడు మీ అబ్బాయి వంతు. పైన చెప్పిన 24 పాయింట్ల చోటే పదం ఉందనుకుందాం. వాడు ఆర్ పక్కన ఎస్ పెట్టి, ఆ ఎస్ నుంచి కిందికి ఓ, ఎన్ పేరిస్తే నిలువుగా సన్ అనే పదం, అంటే కొడుకు అనే అర్థం వచ్చేది, ఏర్పడుతుంది. అడ్డంగా వాటర్స్ అనే పదం కూడా ఏర్పడుతుంది. రెండు పదాల పాయింట్లూ వాడికే దక్కుతాయి. ఓ పడిన గడి అక్షరాన్ని రెట్టింపు చేసేది కాబట్టి నిలువు పదానికి 4, అడ్డపదానికి 9, మొత్తం 13. అడ్డపదంలోని నక్షత్రం, రెట్టింపు గడి ఇక పనిచేయవు. రంగు గళ్ళు బిళ్ళ వాటి మీద పడిన ఆ ఒక్క ఎత్తుకే వర్తిస్తాయి, మీ ప్రశ్నకు సమాధానం ఇదే. ఒక్కొక్క పాయింటు విలువ చేసే మూడు చిన్న బిళ్ళలతో 13 పాయింట్లు సంపాదించినప్పుడు మీ వాడి బెరుకు సగం పోతుంది.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఏడు బిళ్ళలనూ ఒకే ఎత్తులో వాడితే అదనంగా 50 పాయింట్లు వస్తాయి. చేతిలోని బిళ్ళలు ఎందుకూ పనికిరానివనిపిస్తే, సంచిలో కనీసం ఏడు మిగిలి ఉన్నంతవరకు కావలసినన్ని మార్చుకోవచ్చు, కాని ఆ వంతు పోతుంది. సంచి ఖాళీ అయి, ఎవరో ఒకరు తమ చెక్క మీది చివరి బిళ్ళ కూడా ఆడేయగానే ఆట ముగుస్తుంది. మిగిలినవారి చేతుల్లో ఉండిపోయిన బిళ్ళల విలువను వారి మొత్తంలోంచి తీసివేసి, ముగించినవారి మొత్తానికి కలపాలి. తప్పు పదం విషయంలో ఎదుటివారు అభ్యంతరం చెప్పినప్పుడే నిఘంటువు తెరవాలి. పదం అందులో లేకపోతే పేర్చినవారు బిళ్ళలు వెనక్కి తీసుకుని ఆ వంతు వదులుకోవాలి. ఏ నిఘంటువు చూడాలో మాత్రం ఆట మొదలుపెట్టకముందే నిర్ణయించుకోండి, మధ్యలో నిర్ణయిస్తే తగువులు తప్పవు.

సమాధానం: జయపురం నుంచి

పై సమాధానం చాలా స్పష్టంగా ఉంది. నేను మీ పెద్దబ్బాయి గురించి చెప్పదలచుకున్నాను. ఈ ఆటకు పెద్ద పదసంపద కావాలన్న భయం అనవసరం. న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ అనే ఆటగాడు ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీలో విజేత అయ్యాడు. అంతటి జ్ఞాపకశక్తి అందరికీ ఉండదు గానీ, గెలుపు ఏ పదాలను ఎక్కడ పెట్టాలో తెలియడంలో ఉందని, భాషలో ధారాళంగా మాట్లాడటంలో లేదని దాన్నిబట్టి నిశ్చయంగా చెప్పవచ్చు. ఒడియా మాధ్యమంలో చదివే పిల్లవాడు ఇంగ్లీషు మాధ్యమంలో చదివే చెల్లెలితో సమానంగా ఆడగలడు.

ముందుగా రెండక్షరాల పదాలు నేర్పండి. పోటీల్లో అంగీకరించేవి వందకు పైగా ఉన్నాయి. అన్నీ ఒకేసారి వద్దు, వారానికి పదో పదిహేనో చాలు. కష్టమైన బిళ్ళలను వదిలించే వాటితో మొదలుపెట్టండి. క్యూ, ఐ కలిస్తే చైనావారు చెప్పే ప్రాణశక్తి. ఎక్స్, ఐ కలిస్తే గ్రీకు అక్షరం. జే, ఓ కలిస్తే స్కాట్లండులో ప్రియమైనవారిని పిలిచే మాట. ఏ, ఐ కలిస్తే దక్షిణ అమెరికా అడవుల్లో చెట్లకు వేలాడే ఒక జంతువు. రెండు ఏలు కలిస్తే గరుకుగా గడ్డకట్టిన లావా. ఇవి తెలిసినవాడు పక్కపక్కనే సమాంతరంగా పదాలు పేర్చగలుగుతాడు. అప్పుడు ఒక్క ఎత్తులో మూడు నాలుగు పదాలకు పాయింట్లు వస్తాయి.

మన ఇళ్ళలో వాడే మాటలు కొన్ని కూడా అక్కడ చెల్లుతాయి. సారీ అంటే చీర, ఘీ, రోటీ, ధోతీ, లఖ్ అంటే లక్ష, ఇవన్నీ ఇంగ్లీషు నిఘంటువుల్లో చోటు సంపాదించుకున్నవే. నాలుగు పాయింట్ల హెచ్ చేతిలో ఉన్నప్పుడు ఘీ, ధోతీ, లఖ్ బాగా ఆదుకుంటాయి. తన ఇంటి మాటలే బోర్డు మీద కనిపిస్తే పిల్లవాడికి ఆట పరాయిదిగా అనిపించదు.

రెండో అలవాటు చెక్కను సమతూకంగా ఉంచుకోవడం. 98 అక్షరాల బిళ్ళల్లో ఏ, ఈ, ఐ, ఓ, యు కలిసి 42. కాబట్టి ఆడిన తరువాత చెక్క మీద అచ్చులు, హల్లులు రెండూ మిగిలేలా చూసుకోవాలి. నాలుగు పాయింట్లు ఎక్కువ వస్తాయని హల్లులన్నీ ఖర్చుపెట్టి మూడు ఐలు మిగుల్చుకుంటే తరువాతి రెండు వంతులు నష్టపోతాము. ఎస్ బిళ్ళలు మొత్తం నాలుగే ఉన్నాయి. ఎస్ గానీ ఖాళీ బిళ్ళ గానీ దొరికితే అయిదారు పాయింట్ల కోసం పారేయకుండా, ఏడు బిళ్ళల పదం కుదిరే వరకు దాచుకోవడం మేలు.

సమాధానం: కోరాపుట్ నుంచి

జయపురం మిత్రులతో ఒక్క విషయంలో నేను ఏకీభవించలేను. పదాల జాబితాలు బట్టీ పట్టించడం పోటీలకు వెళ్ళేవారికి అవసరమే కావచ్చు. ఇంట్లో నేర్చుకునే పిల్లలకు మాత్రం అర్థం తెలియని పదాన్ని పేర్చనీయకూడదు. అడిగినప్పుడు అర్థం చెప్పగలిగితేనే పదం చెల్లుతుందని ఇంటి నియమం పెట్టుకోండి. ఆట కొంత నెమ్మదిస్తుంది, పాయింట్లు తగ్గుతాయి, కాని సెలవులు పూర్తయ్యేసరికి పిల్లలకు మిగిలేవి ఆ అర్థాలే. మీ పెద్దబ్బాయి అర్థాన్ని ఒడియాలోనో తెలుగులోనో చెప్పినా ఒప్పుకోండి. ఇంగ్లీషులోనే చెప్పాలంటే వాడు మళ్ళీ వెనక్కి తగ్గుతాడు.

ప్రశ్న అడిగినవారు: పర్లాకిమిడి

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. వాటర్ ఉదాహరణను బోర్డు మీద పేర్చి చూపించాను. 13 పాయింట్ల ఎత్తు చూడగానే మా వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అర్థం చెప్పాలన్న నియమం కూడా మా ఇంటికి సరిపోతుందనిపిస్తోంది. ఇక తెలుగు బిళ్ళల గురించి ఎవరైనా చెప్పగలరా? గుణింతాలు, ఒత్తులు ఎలా కుదురుతాయో నాకు తోచడం లేదు.

సమాధానం: రాయగడ నుంచి

తెలుగు బిళ్ళలతో మా ఇంట్లో ఎంతో కాలంగా ఆడుతున్నాము కాబట్టి కొంచెం విస్తారంగానే రాస్తాను.

చిక్కంతా మీరు చెప్పిన చోటే ఉంది. ఇంగ్లీషులో 26 అక్షరాలతో పని జరిగిపోతుంది. తెలుగులో ఒక్కొక్క హల్లుకు గుణింతమంతా ఉంటుంది, దాని మీద ఒత్తులు ఉంటాయి. ప్రతి రూపానికీ ఒక బిళ్ళ చేయాలంటే సంచులు చాలవు. అందుచేత బిళ్ళ మీద హల్లు మాత్రమే రాసి, గుణింతం గుర్తును ఆడేవారి ఇష్టానికి వదిలేయాలి. మ, ల అనే రెండు బిళ్ళలతో మాల, మూల, మేలు, మొల, మలి అనే వాటిలో ఏదైనా పేర్చవచ్చు. అట్టను చదరంగా కత్తిరించి పైన వెడల్పాటి సెల్లోటేపు అంటించండి. పేర్చేటప్పుడు గుడి, కొమ్ము, ఏత్వం, సున్న ఏది కావాలో స్కెచ్ పెన్నుతో టేపు మీద గీస్తే, ఆట అయిన తరువాత తడిగుడ్డతో తుడిచేయవచ్చు. పాత శుభలేఖల అట్ట దీనికి చక్కగా పనికివస్తుంది.

ఒకసారి గీసిన గుర్తు ఆట అంతా మారకూడదు, ఇది అన్నింటికంటే ముఖ్యమైన నియమం. అడ్డంగా మేలు అని పేర్చాక, ఆ లు మీదుగా నిలువు పదం పోవాలంటే అందులోనూ లు ఉండాలి. లుతో మొదలయ్యే పదాలు తెలుగులో చాలా అరుదు కాబట్టి, పాలు, వేలు, నూలు వంటి పదాన్ని పైనుంచి దింపి లు దగ్గర ముగించాలి. అడ్డంగా ఒక గుణింతం, నిలువుగా మరొక గుణింతం అని వదిలేస్తే ఏ బిళ్ళ ఎక్కడైనా సరిపోతుంది, ఆటలో ఆలోచించవలసిందే ఉండదు.

అచ్చుల బిళ్ళలు తక్కువ చేయండి. మన పదాల్లో అచ్చు దాదాపు ఎప్పుడూ పదం మొదట్లోనే వస్తుంది కాబట్టి ఆ బిళ్ళ పదానికి ఎడమ చివరనో పై చివరనో మాత్రమే కూర్చోగలదు. అ, ఆ లకు కలిపి ఒక రకం, ఇ, ఈ లకు కలిపి ఒక రకం, అలా జంటలుగా చేసి ఒక్కొక్క రకానికి రెండు మూడు బిళ్ళలు ఉంచితే సరిపోతుంది.

ఒత్తుల విషయంలో మేము రెండు విధాలుగా చూస్తాము. అమ్మ, అక్క, చెట్టు వంటి పదాల్లో హల్లుకు అదే హల్లు ఒత్తుగా వస్తే బిళ్ళ ఒకటే చాలు, ఒత్తును పెన్నుతో గీస్తాము. పుస్తకంలోని స్త వంటి చోట రెండు వేర్వేరు హల్లులు కలుస్తాయి కాబట్టి, స బిళ్ళ మీద సగం కనిపించేలా త బిళ్ళను పెట్టి ఒకే గడిలో రెండూ లెక్కిస్తాము. రెండింటి పాయింట్లూ వస్తాయి కాబట్టి పిల్లలు సంయుక్తాక్షరాలను వెతుక్కుని మరీ వాడతారు. బడిలో వాళ్ళు తప్పించుకు తిరిగేది వీటినుంచే కావడం చూస్తే నాకు ఎంతో సంతోషం కలుగుతుంది.

ఇంగ్లీషులో ఎస్ చేసే పనిని తెలుగులో లు చేస్తుంది. ఆట పక్కన లు పెడితే ఆటలు, చీర పక్కన పెడితే చీరలు. కాని అన్ని పదాలూ అలా లొంగవు. కాలు పక్కన లు పెడితే పదం కాదు, దాని బహువచనం కాళ్ళు. ఇల్లుకు ఇళ్ళు, బండికి బళ్ళు, పుస్తకానికి పుస్తకాలు. ఈ తేడా వల్ల లు ఇంగ్లీషు ఎస్ అంత సులభమైన బిళ్ళ కాదు, అయినా ల బిళ్ళలను అదుపు లేకుండా పెంచకండి.

ఏ అక్షరానికి ఎన్ని బిళ్ళలు, ఎన్ని పాయింట్లు అన్నది మీరే లెక్కకట్టుకోవడం మంచిది. ఈ ఆటను 1930లలో రూపొందించిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ వాస్తుశిల్పి కూడా వార్తాపత్రికల పుటల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టే బిళ్ళల సంఖ్య నిర్ణయించాడు. స్క్రాబుల్ అనే పేరు 1948లో వచ్చింది. మీ అత్తగారు చదివే ఆదివారం పత్రికలో ఒక పుట తీసుకుని పిల్లలిద్దరి చేతా హల్లులు లెక్కపెట్టించండి. ల, న, ర, క, త వంటివి ఎక్కువగా వస్తాయి కాబట్టి వాటికి ఒక్కొక్క పాయింటు చాలు. ఘ, ఝ, ఠ, ఢ వంటివి ఒక్కొక్క బిళ్ళే చేసి పది పాయింట్లు ఇవ్వండి. ఒడియా లిపిలోనూ హల్లుకు గుణింతపు గుర్తులు తగిలించే పద్ధతే ఉంది కాబట్టి మీ పెద్దబ్బాయి ఇదే పద్ధతిలో ఒడియా బిళ్ళలు కూడా చేసుకోగలడు.

సమాధానం: పర్లాకిమిడి నుంచి మరొకరు

రాయగడ మిత్రుల పద్ధతి బాగుంది. అయితే ఏ పదాలు చెల్లుతాయన్నది ముందుగా తేల్చుకోకపోతే తెలుగులో ఇంగ్లీషు కంటే ఎక్కువ తగువులు వస్తాయి. మన క్రియ ఒక్కటి తీసుకుంటే వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు, వస్తే, వచ్చినా అంటూ రూపాలు సాగుతూనే ఉంటాయి. నామవాచకాలకు విభక్తులు చేరితే ఇంటికి, ఇంట్లో, ఇంటితో అని పెరుగుతాయి. అన్నీ ఒప్పుకుంటే ప్రతి పదానికీ తోకలు తగిలించుకుంటూ పోవడమే ఆట అవుతుంది. నామవాచకాలు, విశేషణాలు, వాటి బహువచనాలు మాత్రమే చెల్లుతాయని మొదట పెట్టుకోండి. చేయి తిరిగిన తరువాత క్రియలను చేర్చవచ్చు.

నిఘంటువులో దొరికితేనే ఒప్పుకుంటామని మాత్రం అనకండి. మన ప్రాంతపు ఇళ్ళలో రోజూ వినిపించే మాటలు ఎన్నో పెద్ద నిఘంటువుల్లో కనిపించవు. గిడుగు రామమూర్తిగారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది మన పర్లాకిమిడిలోనే. జనం నోట ఉన్న భాషకే చదువుల్లో చోటు ఉండాలని జీవితమంతా వాదించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అటువంటి ఊళ్ళో మీ అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న మాటను పుస్తకంలో లేదని తిరస్కరించడం న్యాయం కాదు. పేర్చినవారు అర్థం చెప్పి, ఇంట్లో మరొక పెద్దవారు ఆ మాట విన్నామంటే ఒప్పుకోండి. అటువంటి మాటలను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకుంటే మీ ఇంటి నిఘంటువు తయారవుతుంది, అది పిల్లలకు ఎంతో విలువైనది.

ప్రశ్న అడిగినవారు: పర్లాకిమిడి

బిళ్ళలు తయారుచేసి ఆట మొదలుపెట్టాము. మా అత్తగారు ఒక సందేహం లేవనెత్తారు. బోర్డు మీద అడ్డంగా చెట్టు అని ఉంది. ఆ ట బిళ్ళ మీద ల బిళ్ళను సగం కనిపించేలా పెట్టి చెట్లు అని మార్చవచ్చునా? గుర్తు మారకూడదన్నారు కదా, మరి ఇది మార్పు కిందికి వస్తుందా?

సమాధానం: రాయగడ నుంచి

చాలా మంచి సందేహం, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. కొమ్ము అలాగే ఉంది కాబట్టి గుణింతం మారలేదు, ట బిళ్ళ కూడా చోటు కదలలేదు. పెన్నుతో గీసిన ఒత్తు స్థానంలో అసలు బిళ్ళ వచ్చింది, అంతే. అందుచేత మేము దీన్ని ఒప్పుకుంటాము, ట బిళ్ళకూ ల బిళ్ళకూ పాయింట్లు ఇస్తాము. ఒక షరతు మాత్రం ఉంది. ఆ గడి మీదుగా నిలువు పదం కూడా పోతుంటే అది కూడా పదంగా నిలవాలి. నిలువుగా మెట్టు ఉంటే అది మెట్లు అవుతుంది కాబట్టి రెండు పదాల పాయింట్లూ ఆవిడకే వస్తాయి. నిలువుగా పట్టు ఉంటే మాత్రం పట్లు అని కావాలి, అది మీ ఇంట్లో చెల్లుతుందో లేదో ఆ నోటుపుస్తకం చూసి ఆవిడే తేల్చాలి.